ఏం పని చేశావు పెద్దాయనా?

"డాక్టరమ్మ అడిగింది మీ మామయ్యని. నిన్ను కాదు. మధ్యలో నీ నోరెందుకు లేచిందే?"

రాఘవమ్మ బిందె దించిన దెబ్బకి పెరట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. నరసరావుపేట ఆసుపత్రి నుంచి మాచర్ల చేరేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు, డ్రైవరు వింటాడని. దారిపొడుగునా మింగుకొచ్చినదంతా ఇప్పుడు చిన్నకోడలి నెత్తిన కుమ్మరిస్తోంది అత్తగారు. ఇంకా కాళ్ళన్నా కడుక్కోలేదు.

కోపమొస్తే కుసుమ చేతులకి పని కావాలి. నిన్న విడిచిన బట్టలన్నీ పోగేసి బకెట్లో నానేస్తోంది. మొగుడి చొక్కా ముంచబోతూ జేబు తడిమి, "ఛీ" అని చెయ్యి విదిలించింది. జేబునిండా ఎర్రచీమలు.

"చిన్నపిల్లోళ్ళా మీరు? జేబులో చీమలేంది?"

వసారా మెట్టు మీద కూర్చున్న కోటి తలెత్తలేదు. "ఎవరో స్వీటు పెట్టార్లే. దులిపెయ్యి."

"నేనడిగేది నిన్నే!" అంది రాఘవమ్మ. "మొగుడి జేబుల సంగతి తర్వాత. చెప్పు, ఎందుకన్నావా మాట?"

"ఏమన్నానత్తయ్యా? ఉన్నమాట అన్నాను." కుసుమ చొక్కాని నీళ్ళలో అదిమి లేచింది. "'మా నాన్న మిరప రైతండీ' అని బావగారు చెప్తుంటే వినలేకపోయా. మామయ్య ఏ రోజు మిరపచేలో దిగాడు? మందు కొట్టాడా, కాయ కోశాడా? మీ పెళ్ళైన కాడ్నుంచి రాళ్ళు కోసిన మనిషి. అదే చెప్పా."

"ఉన్నమాటంట! ఉన్నమాటలన్నీ ఊరికి చెప్పుకుంటా తిరిగితే కాపురాలు నిలబడతాయటే?"

వీళ్ళ అరుపులకి మూలమైన మనిషి వసారాలో నులకమంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సాంబయ్య. పడుకుంటే ఊపిరాడదు, అందుకని రెండు నెలలుగా కూర్చునే నిద్రపోతున్నాడు. ఒకప్పుడు ఒంటిచేత్తో బండని తిరగేసినోడు, ఇప్పుడు గ్లాసెడు నీళ్ళు తాగి ఆయాసపడుతున్నాడు. ఆయన కోసిన రాళ్ళ మీదే పెద్దకొడుకు ఫణీంద్ర గ్రానైట్ ఫ్యాక్టరీ లేచింది. కొడుకు ఓనరయ్యాక కూడా ముసలాయన ఇంట్లో ఉండలేక, రోజూ షెడ్డులో మిషన్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఎండాకాలం నీళ్ళు చాలవని అక్కడ రాయిని పొడిగానే కోస్తారు. సాయంత్రానికి మనుషుల కనుబొమలు కూడా తెల్లబడతాయి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టర్ పూర్ణిమ అడిగింది ఒక్క ప్రశ్న: ఏం పని చేశావు పెద్దాయనా? ఫణీంద్ర మిరప అన్నాడు. కుసుమ రాళ్ళు అంది. డాక్టరమ్మ ఇద్దర్నీ చూసి పెన్ను కింద పెట్టేసింది. "రేపు స్కానింగ్ రిపోర్టు వస్తుంది. రేపు రండి. పెద్దాయన తన నోటితో చెప్తే అప్పుడు రాస్తా," అని పంపించేసింది.

ఆ రేపు కోసమే ఇంట్లో ఇంత రణం.

ఫణీంద్ర కారు పెట్టొచ్చి, చెప్పులు విడవకుండానే వసారాలో నిలబడ్డాడు. అరవలేదు. ఆయన అరవడు, అదే భయం.

"కుసుమా, ఇట్టా కూర్చో. నువ్వు చదువుకున్నదానివి. నీ ఉద్యోగమే ఇది గదా. నాకు తెలీక అడుగుతా, డాక్టరు బ్రాంకైటిస్ అని రాస్తే మీరేం వేస్తారు?"

కుసుమ ఉద్యోగం ముందుగదిలో కంప్యూటర్ ముందు. హైదరాబాద్ కంపెనీ, అమెరికా రోగులు. వాళ్ళ డాక్టర్లు రాసింది చదివి ఒక్కో జబ్బుకి ఒక్కో కోడు వేయాలి. ఆమెకిచ్చేవన్నీ ఛాతీ జబ్బులే. జలుబుకో నంబరు, ఉబ్బసానికో నంబరు, న్యుమోనియాకో నంబరు. ఆ నంబరును బట్టే ఇన్సూరెన్సు కదిలేది. పెళ్ళైన కొత్తలో "నంబర్ల పిల్ల" అని ఈ ఇంట్లోనే ఎకసెక్కాలాడారు. ఇవాళ ఆ నంబర్లతోనే పనిపడింది.

"మొండి బ్రాంకైటిస్ అయితే జె నలభై రెండు," అంది.

"రాతిదుమ్ము జబ్బైతే?"

"జె అరవై రెండు."

"నలభై రెండు. అరవై రెండు." ఫణీంద్ర నవ్వాడు. "ఒక్క అంకె. ఆ ఒక్క అంకె కోసం ఇంటి పరువు బజార్న పెట్టావు. ఆ అంకె మారితే నీ సొమ్మేం పోద్దమ్మా?"

"నా సొమ్మేం పోదు బావగారూ. మామయ్య పోతాడు."

రాఘవమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఏం నోరే నీది! పచ్చటి ఇంట్లో దీపాలు పెట్టే వేళ ఆ మాటలేందే!"

"అననివ్వండత్తయ్యా, ఒక్కసారన్నా వినండి." కుసుమ మంచం వైపు చెయ్యి చూపించింది. "బ్రాంకైటిస్ అని రాస్తే పీల్చే మందిచ్చి ఇంటికి పంపేస్తారు. ఎల్లుండి మామయ్య మళ్ళీ షెడ్డులో కుర్చీ వేసుకుంటాడు. రాతిదుమ్మని రాస్తే ఆ గడప తొక్కనివ్వరు. ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్ముకి మందు లేదు. కొత్త దుమ్ము పడకుండా చూడటమే మందు. అదొక్కటన్నా చేద్దామంటున్నా. నేనేమన్నా ఆస్తి రాసిమ్మన్నానా?"

సాంబయ్యకి దగ్గొచ్చింది. పొడిదగ్గు. ఎంత దగ్గినా ఏమీ తెగి బయటికి రాదు.

"నాన్నని షెడ్డుకి రానివ్వన్లే, నేను చూసుకుంటా," అన్నాడు ఫణీంద్ర.

"రెండు నెల్ల కిందట కూడా ఆ మాటే అన్నారు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఫణీంద్ర మొహం గట్టిపడింది.

"సరే, తెరిచే చెప్తా విను. పాలిషు మిషను మన్సూరు ఉన్నాడే, వాడు మంచం పట్టి లేబరాఫీసులో నా మీద అర్జీ పెట్టాడు. ఫ్యాక్టరీ దుమ్ము వల్లే నా ఊపిరి పోయిందని. వాడికి రాసింది ఉబ్బసమని. వాడికి పుట్టుకతోనే ఉందేమో, నాకేంది సంబంధమని వాదిస్తన్నా. రేపు ఓనరు తండ్రికే రాతిదుమ్ము జబ్బని రాస్తే నా వాదన ఎవడు వింటాడు? షెడ్డుకి తాళం పడుద్ది. దాని మీద ఎన్ని కుటుంబాలు తింటన్నాయో నీకు తెలుసా? నువ్వు తినేదీ అదే."

"నా తిండి నేను సంపాదించుకుంటన్నా బావగారూ."

"కుసుమా!" కోటి మొదటిసారి నోరు తెరిచాడు. "అన్నయ్యతో అట్టాగేనా మాట్లాడేది?"

"మరెట్టా మాట్లాడాలి? మీరు మాట్లాడరు, నన్ను మాట్లాడనివ్వరు!"

ఫణీంద్ర తమ్ముణ్ణి చేత్తో ఆపాడు. "నేను పనోళ్ళని గాలికొదిలేశానా? అడుగు ఎవర్నన్నా. నాన్న నాడు పెట్టిన ఆచారం, ఈనాటికీ ఒక్క పూట తప్పలేదు. సాయంత్రం మిషను దిగిన ప్రతివాడికీ నా చేత్తో బెల్లం ముక్క పెడతా. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాళ్ళకి లేదు, మిషను మీదోళ్ళకే. బెల్లం మింగితే గొంతులో దుమ్మంతా కిందికి దిగిపోద్ది. పల్నాడులో ఏ రాళ్ళ షెడ్డుకన్నా పో, ఇదే మందు."

"దుమ్ము పోయేది ఊపిరి దారిన, బెల్లం పోయేది కూటి దారిన. రెండూ ఎక్కడ కలుస్తాయి బావగారూ?"

"పెద్దోళ్ళందరూ పిచ్చోళ్ళు, నువ్వొక్కదానివే పుట్టావు తెలివిగలదానివి!" అంది రాఘవమ్మ. మంచం దగ్గరికి పోయి, మొగుడి తువ్వాలు కొసన ముడేసున్న బెల్లం విప్పి, చిన్న పలుకు తుంచి ఆయన నోట్లో పెట్టింది. కోడలు చూడాలని పెట్టింది. సాంబయ్య కళ్ళు మూసుకుని చప్పరించాడు. దగ్గు కాసేపు సర్దుకుంది.

"చూశావా?" అంది రాఘవమ్మ గెలిచినట్టు.

ఫణీంద్ర ఫోను తీసి కుసుమ ముందు పెట్టాడు. "ఆ ఆసుపత్రిలో బిల్లుల దగ్గర కూర్చునే మోయిన్ నీతోపాటు కోచింగ్ తీసుకున్నోడేనంటగా. చెయ్యి. రేపు ఏ నంబరు వేయాలో నువ్వే చెప్పు. అక్క చెప్తే వింటాడు."

"నేను చెయ్యను."

"నేనే చేస్తాలే." చేసి, స్పీకరు పెట్టాడు. మోయిన్ ఎత్తాడు. విషయమంతా విని నసిగాడు. "అది నా చేతిలో లేదన్నా. కుసుమక్కకి తెలుసు. డాక్టరు ఏది రాస్తే దానికే నంబరు. మేం సొంతంగా అనుకుని వేయకూడదు. అనుమానంగా ఉంది అని రాసినా సరే, ఓపీ కేసుల్లో అది వేయం. ఉత్త దగ్గు అని వేసి వదిలేస్తాం. మా పనిలో రాయనిది లేనట్టే."

"రాయనిది లేనట్టే. అంతేనా?"

"అంతే అన్నా."

ఫోను పెట్టేసి ఫణీంద్ర కుసుమ వంక చూశాడు. "విన్నావుగా, మీ రూలే. రాయకపోతే లేదు. చెప్పకపోతే రాయరు. ఇంక నువ్వు నోరు మూసుకుంటే చాలు."

ఆ మాట ఆమె రోజుకి పదిసార్లు అనేదే. కొత్త పిల్లలకి నేర్పేదీ అదే. తన చేతి కర్రతో తననే కొట్టినట్టైంది.

రాఘవమ్మ మొగుడి ముందు కూర్చుని, బడిపిల్లాడికి ఎక్కాలు చెప్పించినట్టు అడిగింది. "రేపు డాక్టరమ్మ అడిగితే ఏం చెప్తావయ్యా?"

సాంబయ్య పెద్దకొడుకుని చూశాడు. "మిరప," అన్నాడు.

"మిరప సేద్యం. చెప్పు."

"మిరప సేద్యం."

కుసుమ మంచం పక్కన కూలబడింది. "మామయ్యా, ఎవరి కోసం ఈ అబద్ధం? ఊపిరి మీదిగదా!"

ముసలాయన ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి ఇంకా గరుగ్గానే ఉంది. "వాడు నా కొడుకమ్మా," అన్నాడు.

తెల్లారి బయల్దేరేముందు కుసుమ మొగుణ్ణి గదిలో పట్టుకుంది. తలుపు దగ్గరికేసి నిలబడింది.

"ఇవాళ నువ్వు చెప్పు. నేను కోడల్ని, నా మాటకి విలువ లేదు. కొడుకువి నువ్వు చెప్తే డాక్టరమ్మ రాస్తుంది."

"అన్నయ్యని కాదని నేనెట్టా చెప్తానే? మనల్ని నిలబెట్టింది ఆయన."

"పడుకోబెట్టేది కూడా ఆయనే. మీ నాన్న వంక చూడు!"

"గట్టిగా అరవమాక. అమ్మ వింటది."

"విననీ! ఇంతకీ నీకేంది భయం? మిషను మొహం చూసేవాడివా? ఆఫీసులో ఫ్యాను కింద లెక్కలు రాసుకునేవాడివి. మిషను దగ్గరికి పోనని మా నాన్నకి మాటిచ్చే నన్ను చేసుకున్నావు. దుమ్ము తిన్నోళ్ళు వాళ్ళు. వాళ్ళ తరఫున ఒక్క మాట చెప్పడానికి నీకు గొంతు పెగలదా?"

కోటి ఆమెని పక్కకి జరిపి, పెరట్లోకి పోయి మళ్ళీ మొహం కడుక్కున్నాడు. స్నానం చేసి వచ్చినోడు మళ్ళీ మొహం కడగడమేందో కుసుమకి అర్థం కాలేదు. పిరికివాడు అనుకుంది. పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి మొగుడి మీద అసహ్యం పుట్టింది, ఆ పుట్టిన సంగతి తెలిసి ఏడుపొచ్చింది.

కారులో ఆమెని ముందుసీట్లో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ముసలాయనతో మాట్లాడే వీలు లేకుండా.

డాక్టర్ పూర్ణిమ రిపోర్టు చూసింది. చానాసేపు చూసింది. ఆమె సాంబయ్య వైపు తిరిగేసరికి ఫణీంద్ర తండ్రి కుర్చీ వెనక చేరి, రెండు చేతులూ ఆయన భుజాల మీద వేశాడు. చూసేవాళ్ళకి ఎంత ప్రేమో అనిపించేలా వేశాడు. కోటి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"పెద్దాయనా, ఇవాళ నువ్వే చెప్పాలి. ఇంకెవరూ మాట్లాడొద్దు. ఇన్నేళ్ళూ ఏం పని చేశావు?"

"మిరప సేద్యమమ్మా."

"మిరపేనా? ఇంకేం చెయ్యలేదా?"

"మిరపేనమ్మా."

రాఘవమ్మ ఊపిరి పీల్చుకుంది. కుసుమ గోడకి ఆనుకుంది. అయిపోయింది. రాయనిది లేనట్టే. డాక్టరమ్మ పెన్ను తీసింది.

సాంబయ్యకి దగ్గు తెర కమ్మింది. ఒక్క అబద్ధానికే ఆయాసపడ్డట్టు మనిషి ముందుకి వంగిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగి ఊపిరందాక చెయ్యి దానంతటదే తువ్వాలు కొసకి పోయింది. ముడి విప్పి, బెల్లం పలుకు నోట్లో వేసుకుని, హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ పెన్ను ఆగింది.

"ఏంది పెద్దాయనా అది?"

"బెల్లమమ్మా."

"బెల్లమెందుకు?"

ఇంట్లో అందరూ కలిసి నేర్పించిన పాఠంలో ఈ ప్రశ్న లేదు. సాంబయ్య కళ్ళు తెరిచాడు. దాచుకోవాల్సిన మాటేమీ కాదుగదా అనుకున్నాడు కాబోలు, మొహం విచ్చుకుంది. రెండు రోజుల్లో ఆయన ఇష్టంగా మాట్లాడింది అప్పుడే.

"దుమ్ము దిగుద్దమ్మా దీనికి. మా పెద్దోడు బంగారం. సాయంత్రం మిషను దిగినోళ్ళందరికీ తన చేత్తో పెడతాడు. ఏ ఓనరు పెడతాడమ్మా అట్టా? నేను కోసినన్నాళ్ళూ తిన్నా, ఇప్పుడూ తింటన్నా."

"నాన్నా!" అన్నాడు ఫణీంద్ర. ముసలాయన కొడుకు చేతిమీద తట్టాడు, నీ మంచే చెప్తున్నా లేరా అన్నట్టు.

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. ఈసారి ఎవర్నీ చూడకుండా, ఆపకుండా రాసింది. ఫణీంద్ర చేతులు తండ్రి భుజాల మీంచి జారిపోయాయి. రాఘవమ్మ తిట్టడానికి కోడల్ని వెతుక్కుంది, కానీ ఈసారి కోడలు పెదవి విప్పలేదు. ఎవర్ని తిట్టాలో ఆమెకి తోచలేదు.

"ఈ బెల్లం ఆఫీసులో పనిచేసేవాళ్ళకి కూడా పెడతారా?" అంది డాక్టరమ్మ రాస్తూనే.

"వాళ్ళకెందుకమ్మా, దండగ. మిషను మీదోళ్ళకే."

కుసుమకి ఆ మాట నిన్న విన్నదే. నిన్న అది బావగారి గొప్పలా వినబడింది. ఇప్పుడు మాత్రం ఆమె చేతివేళ్ళ మీద ఏదో పాకినట్టైంది. నిన్న కోటి జేబులో ఎర్రచీమలు.

తలుపు వైపు తిరిగింది.

కోటి ఆమెనే చూస్తున్నాడు. కుడిచెయ్యి చొక్కా జేబు మీద అడ్డంగా పెట్టుకుని, దగ్గుని పళ్ళ బిగువున ఆపుకుంటూ నిలబడి ఉన్నాడు. పొద్దున్నే తీసిచ్చిన ఉతికిన చొక్కా. జేబు దగ్గర ఒక చీమ మెల్లగా పైకెక్కుతోంది.

కుసుమ గది దాటి మొగుడి ముందుకి పోయింది. అత్తగారున్నారని గానీ, బావగారున్నారని గానీ ఆమెకి గుర్తులేదు.

"చెయ్యి తియ్యి," అంది.

కోటి తియ్యలేదు.